పొద్దున ఇరవై నిమిషాలా, రోజంతా దొరికిన ఖాళీలా? మ్యాజిక్ సాధనకు ఏది మేలు

కర్నూలులో మ్యాజిక్ మీద మనసు పడ్డవాళ్లు ఎవరు కలిసినా అడిగే ప్రశ్న ఒకటే: "నేర్చుకోవాలనే ఉందన్నా, టైం యాడుంది?" వాళ్ల కష్టం నాకు తెలుసు, నా రోజూ అలాంటిదే. పొద్దున నంద్యాల బస్సు, ఆఫీసు, సాయంత్రం మళ్లీ బస్సు, ఇల్లు చేరాక పిల్లల హోంవర్కు, కూరగాయలు, కరెంటు బిల్లు. వీటి మధ్యలోంచి సాధనకు సమయం తీయాలంటే నాలుగు దారులు కనిపిస్తాయి. ఇల్లు లేవకముందే ఓ ఇరవై నిమిషాలు కూర్చోవడం. రోజంతా దొరికే చిన్న చిన్న ఖాళీల్లో చేతిలో నాణెమో పేకముక్కో తిప్పడం. రాత్రి భోజనాలయ్యాక కూర్చోవడం. లేదా అన్నీ ఆదివారానికి దాచుకుని ఒకేసారి రెండు మూడు గంటలు చేయడం.

నాలుగూ చేసి చూశాను కాబట్టి నా తీర్పు ముందే చెప్పేస్తాను. కొత్త ట్రిక్కు నేర్చుకునే దశలో పొద్దుటి ఇరవై నిమిషాలను మించింది లేదు. మిగతా మూడింటికీ పని ఉంది, కాకపోతే మనం సాధారణంగా వాటికి అప్పగించే పని వేరు, అవి చేయగలిగిన పని వేరు.

ఆదివారం సంగతి ముందు తేల్చేద్దాం. వారమంతా వదిలేసి ఆదివారం పట్టుపట్టి కూర్చుంటే ఆ పూటకు చెయ్యి బాగానే తిరుగుతుంది. మళ్లీ ఆదివారానికి అందులో సగం పోయి ఉంటుంది. బ్యాడ్లీ, లాంగ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు బ్రిటన్‌లో పోస్టల్ ఉద్యోగులకు టైపింగు నేర్పించి చూసిన ఫలితాలను 1978లో ప్రచురించారు. రోజుకు ఒక్క గంట మాత్రమే నేర్చుకున్నవాళ్లకు కీబోర్డు పట్టుబడటానికి మొత్తం 35 గంటల దాకా పట్టింది. రోజుకు రెండేసి గంటలు రెండుసార్లు కూర్చున్నవాళ్లకు 50 గంటల దాకా పట్టింది. వేళ్లకు నేర్పే పని కనుక మనకూ ఇది వర్తిస్తుందని నా నమ్మకం. ఆ పరిశోధనలో నన్ను ఎక్కువగా పట్టుకున్న విషయం ఇంకొకటి ఉంది. తక్కువ గంటల్లో నేర్చేసుకున్న ఆ గంట బ్యాచీవాళ్లే తమ పద్ధతి మీద అందరికంటే ఎక్కువ అసంతృప్తిగా ఉన్నారు. పక్కవాళ్లు రోజుల లెక్కన ముందుకు పోతుంటే తాము వెనకబడ్డామనిపించింది మరి. పొద్దున కాసేపే కూర్చునేవాళ్లకు మొదటి వారాల్లో సరిగ్గా ఇదే అనిపిస్తుంది. అప్పుడే చాలామంది మానేస్తారు. ఆ అనిపించడాన్ని నమ్మొద్దని నేను గట్టిగా చెబుతాను.

ఆదివారాన్ని దేనికి వాడాలంటే, నేర్చుకున్న రెండు మూడు ట్రిక్కులను వరుసగా, మాటలతో సహా, మొదటి నుంచి చివరి దాకా ఎవరి ముందైనా చేసి చూడటానికి. బావమరిది వచ్చినా, పక్కింటి పిల్లలు వచ్చినా చాలు. మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టకూడదు. అది సాధన కంటే పరీక్షకు దగ్గర, దానికి గంటలూ మనుషులూ కావాలి.

రాత్రి గురించి ఎక్కువ చెప్పను. అలసిన చేతికి తప్పు ఏదో ఒప్పు ఏదో తెలియదు. పైగా పదకొండు గంటలకు బండల మీద నాణెం పడితే ఇల్లంతా లేస్తుంది. తప్పనిసరైతే మంచం మీద దుప్పటి పరుచుకుని, బాగా వచ్చిన ట్రిక్కును ఒకసారి చేసి పడుకోవడం మంచిది. కొత్తది మాత్రం రాత్రి మొదలుపెట్టొద్దు.

అసలు పోటీ పొద్దుటికీ, రోజంతా దొరికే ఖాళీలకూ మధ్యే.

ఖాళీల పద్ధతికి చరిత్రలో గట్టి సాక్షులు ఉన్నారు. ఫ్రాన్సు దేశపు రాబర్ట్-హూడిన్ (1805–1871) గడియారాలు చేసే పనిలో ఉంటూనే మ్యాజిక్ నేర్చుకున్నాడు. కోటు జేబులో చెయ్యి పెట్టుకుని, దారిన నడుస్తూనే లోపల నాణేలు, ముక్కలు తిప్పేవాడు. 1845లో పారిస్‌లో సొంత థియేటర్ తెరిచేసరికి ఆయనకు నలభై ఏళ్లు దగ్గరపడ్డాయి. ఉద్యోగం చేసుకుంటూ నేర్చుకునే మనలాంటివాళ్లకు అంతకంటే ధైర్యం ఏం కావాలి? వేల్స్‌లో పుట్టిన కార్డినీ (1895–1973) మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుడిగా కందకాల్లో ఉన్నప్పుడు, చలికి వేసుకున్న చేతితొడుగులు తీయకుండానే పేకముక్కలతో సాధన చేశాడు. తర్వాత స్టేజీ మీద తొడుగులు వేసుకునే గాల్లోంచి ముక్కలు తీయడం ఆయనకు ప్రపంచమంతా పేరు తెచ్చింది.

వీళ్ల కథలు చెప్పి, "రోజంతా చేతిలో నాణెం ఉంచుకో, అదే వచ్చేస్తుంది" అని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఆ సలహాను నేను ఒప్పుకోను. జేబులో చెయ్యి ఏం చేస్తోందో చూసేవాళ్లకు కనపడదు, చేసేవాడికీ కనపడదు. బస్సులో సీటు మీద కూర్చుని ఫ్రెంచ్ డ్రాప్ (నాణెం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి తీసుకున్నట్టు నటించి, మొదటి చేతిలోనే దాచడం) వందసార్లు చేయవచ్చు. కానీ నాణెం తీసుకున్నట్టు నటించే చెయ్యి నిజంగా తీసుకున్న చెయ్యిలాగే కదిలిందా? దాచిన చెయ్యి బిగుసుకుపోయి బొటనవేలు పైకి లేచిందా? ఇవి బస్సులో తెలియవు. తప్పుగా వందసార్లు చేస్తే ఆ తప్పే చేతికి అలవాటవుతుంది. మొక్కై వంగనిది మానై వంగునా అన్నట్టు, తర్వాత దాన్ని సరిచేయడానికి కొత్తగా నేర్చుకునేదానికంటే ఎక్కువ కాలం పడుతుంది.

మన ఊళ్లో ఇంకో చిక్కు ఉంది. బస్సులోనో, కొండారెడ్డి బురుజు దగ్గర అరుగు మీదో కూర్చుని పేక కట్ట తీశామా, పది మంది చూపు మన మీదే. పేపరు తిరగేస్తే పేకాట కేసులు, పట్టుబడ్డవాళ్లు, స్వాధీనం చేసుకున్న డబ్బు. 1974 నాటి గేమింగ్ చట్టం గురించి చదవనివాళ్లకు కూడా పేక అంటే పోలీసులే గుర్తొస్తారు. "ఏందన్నా, బస్సులోనే మొదలుపెట్టినావే?" అని కండక్టరు నవ్వుతూనే అడుగుతాడు. కానీ ప్రతిసారీ ఇది మ్యాజిక్, జూదం కాదు అని చెప్పుకోవడంలోనే ఆ ఖాళీ అయిపోతుంది. ఆఫీసులో పెద్దవాళ్లు చూస్తే ఇంకా ఇబ్బంది. అందుకే ముక్కలు ఇంట్లోనే ఉండాలని, బయటికి నాణెమో రబ్బరు బ్యాండో చాలని నేను అంటాను.

నాణెం అంటే పది రూపాయల బిళ్లే. వ్యాసం 27 మిల్లీమీటర్లు, అరచేతిలో కుదురుగా కూర్చుంటుంది. కొత్త రూపాయి బిళ్ల 20 మిల్లీమీటర్లే కనుక పెద్దవాళ్ల అరచేతిలో నిలవదు, జారుతుంది. ఇరవై రూపాయల బిళ్లకూ వెడల్పు 27 మిల్లీమీటర్లే అయినా పన్నెండు అంచులున్నాయి, మొదట్లో వేళ్లకు అడ్డం పడుతుంది. అమెరికా వీడియోల్లో వాడే హాఫ్ డాలర్ 30.6 మిల్లీమీటర్లు కాబట్టి వాళ్లు చూపించే పట్టు మన బిళ్లకు ఉన్నదున్నట్టు కుదరకపోతే కంగారుపడక్కర్లేదు, బిళ్లను కాస్త బొటనవేలి వైపు జరుపుకుంటే సరిపోతుంది. చాలా అంగళ్లలో పది రూపాయల బిళ్ల "మేం తీసుకోం" అని వెనక్కిచ్చేవాళ్లు. 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018లో స్పష్టంగా చెప్పినా ఆ అనుమానం పూర్తిగా పోలేదు. అలా ఇళ్లలో మూలబడిన బిళ్లలకు ఇంతకంటే మంచి వాడుక నాకు తోచలేదు.

మరి ఖాళీలు దేనికి పనికొస్తాయి? ఇప్పటికే సరిగ్గా వచ్చిన పట్టును నిలుపుకోవడానికి. అద్దం ముందు తప్పు లేదని తేలిన తర్వాత అదే బిళ్లను అరచేతిలో దాచుకుని మామూలు పనులు చేయడం గొప్ప సాధన: టికెట్టు తీసుకోవడం, నీళ్ల సీసా మూత తిప్పడం, ఉగ్గాని బజ్జీ తినేటప్పుడు ఎడమచేతిలో బిళ్ల పెట్టుకుని గ్లాసు ఎత్తడం. చేతిలో ఏదో ఉందన్న స్పృహ పోయేదాకా చేయాలి. ఇది కుర్చీలో కూర్చుని అద్దం ముందు రాదు, రోజువారీ పనుల్లోనే వస్తుంది. ఈ ఒక్క విషయంలో ఖాళీల పద్ధతి పొద్దుటిని మించుతుంది.

ఖాళీలకు రెండో పని మాటలు. ట్రిక్కు చేస్తూ చెప్పే మాటలకు చేతిలో ఏమీ అక్కర్లేదు. బస్టాండు నుంచి ఇంటికి నడిచే పది నిమిషాల్లో మొత్తం ఒకసారి మనసులో చెప్పుకోవచ్చు. ఎక్కడ ఆగాలి, ఎక్కడ పిల్లవాడి కళ్లలోకి చూడాలి, ఎక్కడ ప్రశ్న వేయాలి. మనవాళ్లు టీవీ భాషలో "ఇప్పుడు మీరు చూడబోతున్నారు" అని మొదలుపెడతారు. అదే "రూపాయి యాడబోయింది రా అబ్బీ?" అని అడిగి చూడండి, పిల్లలు ముందుకు జరుగుతారు. కళ్లు మన ముఖం మీదకి వస్తాయి, చేతికి కావలసిన క్షణం దొరుకుతుంది. మాటలు రాకుండా చేతులొక్కటే వచ్చినవాళ్లు జనం ముందు తడబడటం ఎన్నోసార్లు చూశాను. సమయం లేదనేవాళ్లకు ఈ భాగానికి మాత్రం సమయం పుష్కలంగా ఉంది.

ఇక పొద్దున. ఐదున్నరకు లేస్తే ఆరు లోపు ఇరవై నిమిషాలు దొరుకుతాయి. ఆ సమయంలో ఒక్క కదలికే తీసుకోవాలి, డబుల్ లిఫ్ట్ (పై రెండు ముక్కలను ఒకే ముక్కలా ఎత్తి తిప్పడం) అయితే డబుల్ లిఫ్ట్ ఒక్కటే. వీడియో చూడటం ఈ ఇరవైలో కలవకూడదు, అది బస్సులో చూసుకోవచ్చు. మొదట నిజంగా ఒకే ముక్క తిప్పి చూడాలి, చెయ్యి ఎలా కదిలిందో గమనించాలి. తర్వాత రెండు ముక్కలు ఒకటిగా తిప్పాలి. రెండింటికీ తేడా కనపడకుండా పోయేదాకా నెమ్మదిగానే చేయాలి, వేగం అడగక్కర్లేకుండా వస్తుంది. ఫ్యాన్సీ షాపులో దొరికే ప్లాస్టిక్ ముక్కలు జారిపోతాయి, రెండు కలిసి నిలవవు. కాస్త ఖర్చయినా నాణ్యమైన కాగితపు ముక్కలు కొనుక్కుంటే నేర్చుకునే కాలం తగ్గుతుంది.

పొద్దుటికి ఇంకో బలం వాతావరణం. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మధ్యాహ్నం అరచెయ్యి చెమటకు తడిసి బిళ్ల అంటుకుపోతుంది, కాగితపు ముక్కలు వంగిపోతాయి. తెల్లవారుజామున చెయ్యి పొడిగా, చల్లగా ఉంటుంది. చలికాలంలో మాత్రం ఇది తిరగబడుతుంది, వేళ్లు మరీ పొడిబారి పై ముక్క పట్టు దొరకదు. అప్పుడు చేతులు కడుక్కుని తడి ఆరుతుండగా మొదలుపెడితే సరిపోతుంది.

అద్దమా, ఫోనా అన్నది దీనిలోనే తేల్చుకోవలసిన చిన్న పోటీ. అద్దం వెంటనే చూపిస్తుంది, అందుకని మొదటి రోజుల్లో అదే మంచిది. కానీ దాచే క్షణంలో మనకు తెలియకుండానే రెప్ప వేస్తాం. రెప్ప పడ్డప్పుడు అద్దంలో ఏం కనిపిస్తుంది? ఫోను మోసపోదు. స్టీలు గ్లాసుకు ఆనించి, చిన్నపిల్లల కంటి ఎత్తులో పెట్టి రికార్డు చేసుకుంటే రెప్ప, బిగిసిన వేళ్లు, బిళ్ల అంచు మెరుపు అన్నీ బయటపడతాయి. పిల్లల ఎత్తు ఎందుకంటే, కింది నుంచి చూసేవాళ్లకే అరచేయి లోపల ఎక్కువ కనిపిస్తుంది, మన ప్రేక్షకుల్లో ఎక్కువమంది వాళ్లే.

కొన్ని పనులు పొద్దున తప్ప ఇంకెప్పుడూ కుదరవు. 52 ముక్కల కట్టను సరిగ్గా 26కు కోసి, పై ముక్క పైనే ఉండేలా ఒకటి విడిచి ఒకటి పడేట్టు ఎనిమిదిసార్లు కలిపితే కట్ట తిరిగి మొదటి వరుసకే వస్తుంది. ఫారో అంటారు దీన్ని. ఒక్క ముక్క అటూ ఇటూ అయినా చివర్లో కట్టే చెప్పేస్తుంది, తప్పు పట్టడానికి గురువు అక్కర్లేదు. కుదుపుల బస్సులో దీని ఊసే వద్దు.

అయితే పొద్దుటి ఇరవై నిమిషాలు అందరికీ లేవు. ఐదున్నరకే పొయ్యి వెలిగించి, క్యారియర్లు కట్టి, పిల్లలను తయారుచేసే ఆడవాళ్లకు ఈ సలహా ఇవ్వడం అన్యాయం. మా ఇంటి చుట్టుపక్కల ఆడపిల్లలకు, అక్కలకు నేర్పేటప్పుడు నేను మధ్యాహ్నమే చెబుతాను. భోజనాలయ్యాక రెండున్నర, మూడు మధ్య ఇల్లు సద్దుమణుగుతుంది. అంగడి నడిపేవాళ్లకు కూడా ఎండాకాలంలో ఆ గంట బేరం ఉండదు. చెమట ఇబ్బంది ఉంటుంది కనుక బిళ్లల బదులు తాడు, రబ్బరు బ్యాండు, జేబురుమాలుతో చేసే ట్రిక్కులు తీసుకోవాలి. ఒకే కదలిక, అద్దం తర్వాత ఫోను, ఇరవై నిమిషాలు దాటకపోవడం అనేవి మాత్రం అక్కడా అవే. రాత్రి డ్యూటీలు చేసే ఆసుపత్రి సిబ్బందికి, రైల్వే వాళ్లకు నిద్రలేచిన తర్వాతి మొదటి అరగంటే పొద్దు, గడియారంలో అది సాయంత్రం నాలుగైనా సరే.