రీషి క్యాప్సూల్స్: క్యాన్సర్ మందనుకుని కొనకండి

హన్మకొండలో ఒక హెల్త్ స్టోర్ నుంచి మా మామయ్య ఈ రీషి పుట్టగొడుగు క్యాప్సూల్స్ తెచ్చారు. 60 గోలీల డబ్బా 1,850 రూపాయలు. మా మేనత్తకు రొమ్ము క్యాన్సర్, కీమో నడుస్తోంది. "గడ్డ కరిగిపోతుంది సార్, ఆర్నెల్లు వాడండి" అన్నాడట షాపతను. డబ్బా వెనకేమో చిన్న అక్షరాల్లో 'ఔషధంగా వాడరాదు' అని ఉంది. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం ఇలాంటి సప్లిమెంట్ల మీద ఆ మాట ఉండి తీరాలి. అమ్మేవాళ్లు కూడా అదే చెప్పాలి కదా!

నేను కాకతీయ యూనివర్సిటీలో మైక్రోబయాలజీ చదివాను, ఇప్పుడు అదే పాఠం చెబుతున్నాను. అందుకే ఒక గోలీ విప్పి చూశాను. లేత గోధుమరంగు పొడి. నాలుకకు రాసుకుంటే పిండి రుచి. రీషి అయితే చేదు తగలాలి. సాసర్‌లో కాస్త తడిపి టింక్చర్ అయోడిన్ చుక్కలు వేస్తే క్షణంలో నల్లటి నీలం రంగు తిరిగింది. అంటే అందులో పిండిపదార్థం దండిగా ఉంది. రీషి శిలీంధ్రాన్ని ధాన్యం మీద పెంచి, ధాన్యంతో సహా పొడి కొట్టారో, విడిగా పిండే కలిపారో లేబుల్ చూస్తే తెలియదు. పుట్టగొడుగుల్లో ఉండే బీటా గ్లూకాన్ అనే పీచు పదార్థం ఎంత శాతమో కూడా రాయలేదు.

శిలీంధ్రాల్లో మందులు లేవని కాదు, నాకు వాటి మీద చాలా ఆశ ఉంది. షిటాకే అనే పుట్టగొడుగు నుంచి తీసిన లెంటినాన్‌కు జపాన్‌లో 1985లో అనుమతి వచ్చింది, కడుపు క్యాన్సర్‌కు కీమోతో పాటు ఇంజెక్షన్‌గా ఇవ్వడానికి. అది శుద్ధి చేసిన పదార్థం, కొలిచి ఇచ్చే మోతాదు. యూ చెట్టు బెరడులో బతికే టాక్సోమైసెస్ ఆండ్రియానే అనే శిలీంధ్రం టాక్సాల్ అనే క్యాన్సర్ మందును తయారుచేస్తుందని అమెరికాలో 1993లో ప్రకటించారు. ఇప్పుడు అత్తకు సెలైన్‌లో ఎక్కిస్తున్న పాక్లిటాక్సెల్ ఆ టాక్సాలే. అయితే ఆ శిలీంధ్రం నుంచి వచ్చింది లీటరుకు నానోగ్రాముల్లోనే, మందుల తయారీకి ఏ మూలకూ సరిపోదు. ల్యాబ్‌లో క్యాన్సర్ కణాలను చంపిన పదార్థాన్ని కూడా వేరుచేయాలి, విషప్రభావం చూడాలి, ఆ తర్వాత రోగుల మీద పరీక్షించాలి. దానికి ఏళ్లు పడుతుంది. ఈ డబ్బాలోని పొడికి అదేమీ జరగలేదు.

నా రేటింగ్ ఐదుకు ఒకటి. అదీ వెనకాల ఆ హెచ్చరిక వేసినందుకే. షాపుకెళ్తే విప్పిన డబ్బాను వాపసు తీసుకోం అన్నారు.

కీమో డాక్టరు మాత్రం చూడగానే ఆపేయమన్నారు. కీమోలో ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు రీషి వల్ల రక్తస్రావం ప్రమాదం పెరగొచ్చట. మీ ఇంట్లో ఎవరైనా వాడుతుంటే ఈసారి ఓపీకి వెళ్లేటప్పుడు డబ్బా వెంట పట్టుకెళ్లండి. డాక్టరు కోప్పడతారని దాచొద్దు.