కథలు వినడానికి మరాకేష్ వెళ్తే

మొరాకో వెళ్లే మనవాళ్లు చాలామంది మరాకేష్‌లో ఒక సాయంత్రం గడిపి, జమా ఎల్-ఫ్నా మైదానంలో నాలుగు ఫోటోలు తీసుకుని ఎడారి టూర్‌కి వెళ్లిపోతారు. కథలంటే ఇష్టం ఉంటే మాత్రం మూడు రాత్రులైనా ఉండండి. ఈ మైదానం యునెస్కో గుర్తింపు పొందింది (2001) కట్టడాల వల్ల కాదు, ఇక్కడి నోటి కథలు, పాటలు, ఆటల వల్ల. పక్కన ఎత్తైన భవనం, అండర్‌గ్రౌండ్ పార్కింగ్ కడతామన్నప్పుడు అడ్డం తిరిగినవాళ్లలో ముందున్నది ఆ ఊళ్లోనే స్థిరపడ్డ స్పానిష్ రచయిత హువాన్ గోయ్‌తిసోలో. మైదానం మిగిలింది గానీ కథకులు బాగా తగ్గిపోయారు.

బసకి పాత ఊళ్లోని రియాద్ తీసుకోండి. మన మండువా లోగిలిలాగే మధ్యలో వాకిలి, చుట్టూ గదులు. కార్లు సందుల్లోకి రావు. తోపుడుబండివాళ్లతో సామాన్ల రేటు ముందే మాట్లాడుకోవాలి. మైదానం ఆనుకుని ఉన్నవి వద్దు, అర్ధరాత్రి దాటినా డప్పుల మోతే. మా రియాద్‌లో గది, టిఫిన్ బాగున్నాయి. వాళ్లు కుదిర్చిన గైడ్ మాత్రం కథకుల దగ్గరికని చెప్పి తోలు దుకాణాలు తిప్పాడు. దరిజా, అంటే మొరాకోలో మాట్లాడే అరబిక్ వచ్చిన కాలేజీ కుర్రాణ్ణి మేమే వెతుక్కున్నాక పని జరిగింది.

పొద్దు వాలాక జనం గుండ్రంగా చేరారు. దాన్ని హల్కా అంటారు. జెల్లాబా అనే పొడుగు అంగీ వేసుకున్న పెద్దాయన చేతికర్రతో ఖాళీ గీసుకుని మొదలుపెట్టాడు. కథ మంచి పట్టులో ఉండగా ఠక్కున ఆపి, చేతులెత్తి దువా చదివాడు. అందరూ ఆమీన్ అంటూ అరచేతులతో ముఖం తుడుచుకున్నారు. నాణేలు పడ్డాకే కథ కదిలింది. ఇంతలో పక్క గుంపువాళ్లు స్పీకర్ పెట్టేసరికి ఆయన గొంతు ముందు వరసకే ఆగిపోయింది. నాకు కడుపు తరుక్కుపోయింది.

కొన్ని కేఫ్‌లలో పెద్దల దగ్గర నేర్చుకున్న యువకులు ఇంగ్లీషులో కథలు చెబుతారు. పిల్లలతో వెళ్లేవాళ్లకి అదే నయం, మాట స్పష్టంగా వినపడుతుంది. అయితే పది నిమిషాలకి కుదించిన కథలవి, మైదానంలో రోజుల తరబడి సాగేవి. కొత్తవాళ్లకి బతుకుతెరువు దొరుకుతోంది కాబట్టి రెంటికీ డబ్బు పెట్టడమే న్యాయం అనిపించింది. మైదానం పక్కన పాత బ్యాంకు భవనంలోని మ్యూజియం ముందే చూస్తే ఏ గుంపు ఏమిటో తెలుస్తుంది. ఇనుప తాళాలతో, మూడు తీగల గింబ్రీ వాద్యంతో పాడే గ్నావా వాళ్లనీ వదలొద్దు. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల వారసుల సంగీతం అది, 2019లో యునెస్కో జాబితాకెక్కింది.

శాకాహారులు కుస్‌కుస్ (గోధుమ రవ్వ వంటకం) తినేముందు మాంసం రసం పోశారా అని అడగాలి. పాములవాళ్లు, కోతులవాళ్లు ఫోటో తీస్తే మీదపడి డబ్బులడుగుతారు. అటు వెళ్లకుండా ఆ చిల్లర కథకుడి కోసం ఉంచుకోండి, ఆయన కథ ఆపిన ప్రతిసారీ వేయండి.