పాత కీబోర్డ్, రీపర్‌లో రెండు చిన్న మిడి ఫిల్టర్లు

గుంటూరులో పిల్లల డ్యాన్స్ ప్రోగ్రాములకి, భజనలకి ట్రాకులు చేసిపెడుతుంటాను. నా కీబోర్డ్‌కి పన్నెండేళ్లు, 61 కీలు. పోయిన దసరాకి ముందు మధ్య స్థాయి పంచమం, అంటే మిడిలో (కీబోర్డ్ నోట్లని అంకెలుగా కంప్యూటర్‌కి పంపే పద్ధతి) 67వ నంబరు, ఎంత మెల్లగా నొక్కినా గట్టిగా మోగడం మొదలైంది. కీ కింద రెండు కాంటాక్టులుంటాయి. ఒకటి తగిలాక రెండోది తగలడానికి పట్టిన సమయాన్ని బట్టి వెలాసిటీ, అంటే నొక్కిన బలం, లెక్కవుతుంది. దుమ్ము పట్టి ఆ లెక్క తప్పితే 127, అంటే పూర్తి బలం, పంపేస్తుంది. రిపేర్ షాపులో బోర్డు మొత్తం మార్చాలన్నారు. ఆ ఖర్చు నా వల్ల కాలేదు.

నేను రికార్డింగ్‌కి వాడే రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌లో జేఎస్ఎఫ్ఎక్స్ అని చిన్న చిన్న ప్లగిన్లు (అదనంగా తగిలించే పనిముట్లు) ఉంటాయి. వాటి కోడ్ తెరిచి మనమే మార్చుకోవచ్చు. ఒక నోటు అంటే మూడు అంకెలే: ఏం జరిగింది, ఏ నోటు, ఎంత బలం. వచ్చినవాటిని ఒక్కొక్కటే తీసుకుని, చూసి, పంపడమే పని. 67వ నోటు 127తో వస్తే 80 చెయ్యి అని రాశాను. ఐదారు లైన్లు పట్టింది, ఆ రాత్రే పంచమం దారిలోకొచ్చింది.

రెండోది అంత తేలిగ్గా కుదరలేదు. వేలు పక్క కీకి కాస్త తగిలినా సన్నటి నోట్లు పడేవి. వెలాసిటీ 12 కంటే తక్కువుంటే వదిలెయ్యి అని రాశాను. అంతే, ఆర్గాన్ శబ్దంలో నొక్కిన ప్రతి నోటూ ఆగకుండా మోగుతూనే ఉంది. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి ఏమైందమ్మా అని అడిగారు. చాలా కీబోర్డులు చెయ్యి తీసినప్పుడు నోట్ ఆఫ్ (నోటు ఆపు అనే సందేశం) పంపవు, వెలాసిటీ సున్నాతో నోట్ ఆన్ (నోటు మోగించు అనేది) పంపుతాయి. నా ఫిల్టర్ ఆ సున్నాని కూడా మింగేస్తోంది! 1 నుంచి 11 వరకే ఆపు అని మార్చాక సర్దుకుంది. ఇలాంటి ఫిల్టర్ మీరు రాసుకుంటే మొదట ఇదే చూసుకోండి.

ఎక్కడ పెట్టాలన్నది ఇంకా ముఖ్యం. ట్రాకు ఇన్‌పుట్ ఎఫ్ఎక్స్‌లో, అంటే రికార్డింగ్‌కి ముందుండే ప్లగిన్ల వరసలో, పెడితే నోటు మారాకే రికార్డవుతుంది. రికార్డింగ్ తర్వాత ఉండే మామూలు ఎఫ్ఎక్స్‌లో పెడితే రికార్డైంది వేసినట్టే ఉంటుంది, వినిపించేది మాత్రం మారుతుంది. నేను మొదట ఇన్‌పుట్‌లో పెట్టి, నిజంగా గట్టిగా కొట్టిన పంచమాల్ని కూడా పోగొట్టుకున్నాను. ఇప్పుడన్నీ మామూలు ఎఫ్ఎక్స్‌లోనే.

దీంతో ఇంకో లాభం కూడా ఉంది. నేను ఒకటో శ్రుతిలో వాయిస్తాను. పాడే అమ్మాయి రెండున్నర అంటే, రీపర్‌తోనే వచ్చే, శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ ప్లగిన్‌లో 3 పెడతాను, అంటే నల్లవీ కలిపి మూడు కీలు పైకి. రేపు మూడు శ్రుతి కావాలంటే 4. మళ్లీ వాయించక్కర్లేదు. కాకపోతే పంచమం ఫిల్టర్ పైన, ట్రాన్స్‌పోజ్ కింద ఉండాలి. తారుమారైతే 67 కాస్తా 70 అయిపోయి, నా ఫిల్టర్ దాన్ని గుర్తుపట్టదు.

నచ్చనివీ ఉన్నాయి. ఈ ప్లగిన్ల కిటికీలు బోసిగా, స్లయిడర్లు తప్ప ఏమీ లేకుండా ఉంటాయి. వివరాలన్నీ ఇంగ్లిష్‌లోనే. కోడ్ అంటే భయపడేవాళ్లకి మొదటి వారం టెన్షనే. అలాంటివాళ్లు రెడీగా ఉన్న నోట్ ఫిల్టర్, ట్రాన్స్‌పోజ్‌లతో మొదలుపెడితే చాలు.

రీపర్‌ని 60 రోజులు పూర్తిగా వాడి చూడొచ్చు. తర్వాత నాలాంటి చిన్న ఆదాయం వాళ్లకి లైసెన్సు 60 డాలర్లు. నేను యాభయ్యో రోజున కొన్నాను. కీబోర్డ్ మాత్రం ఇంకా మార్చలేదు. ఈమధ్య సస్టెయిన్ పెడల్ తిరగబడింది, తొక్కితే ఆగుతోంది, వదిలితే సాగుతోంది. 64వ కంట్రోలర్ (మిడిలో ఆ పెడల్‌కి ఉన్న నంబరు) విలువని 127లోంచి తీసివేసి పంపే మూడో ఫిల్టర్ ఈ ఆదివారం రాశాను.