నాలుగు దశల ధమని నమూనా: గట్టిగా ఉంది, కానీ కొవ్వు ఉన్న చోటు తప్పు

మా నర్సింగ్ కళాశాల ప్రయోగశాలకు ఈ ప్లాస్టిక్ ధమని నమూనాను తెప్పించి, ఒక సెమిస్టరంతా తరగతిలో వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. ఆరోగ్యంగా ఉన్న ధమని మొదలుకొని రక్తపు గడ్డతో మూసుకుపోయిన ధమని వరకు నాలుగు అడ్డుకోతలు ఒకే పీఠం మీద ఉంటాయి. ఎన్ని చేతులు మారినా రంగు పోలేదు. వెనుక బెంచీకి కూడా స్పష్టంగా కనిపిస్తుంది.

అయితే అసలు విషయం దగ్గరే ఇది తప్పింది. రెండో దశలోని పసుపు ముద్ద అంచును గోటితో తడిమితే, దాన్ని లోపలి పొర పైన అతికించారని తెలిసిపోతుంది. నిజానికి కొవ్వు చేరేది ఎండోథీలియం కింద, అంటే ధమని లోపలి వైపును కప్పే పలుచని కణాల వరుస కింద. ధమని శాఖలుగా విడిపోయి రక్తప్రవాహం గాడి తప్పే చోట ఎండోథీలియం కణాలు ఎల్‌డీఎల్‌ను (రక్తంలో కొలెస్టరాల్‌ను మోసే కణికలను) ఎక్కువగా లోపలికి రానిస్తాయి, మోనోసైట్లు అనే తెల్ల రక్తకణాలు వచ్చి అంటుకోవడానికి వీలిచ్చే అణువులను తమ ఉపరితలం మీదికి తెస్తాయి. గోడలోకి దూరిన ఆ మోనోసైట్లు మాక్రోఫేజ్‌లుగా, అంటే మింగే కణాలుగా మారి, ఆక్సీకరణం చెందిన ఎల్‌డీఎల్‌ను మింగి మింగి కొవ్వుతో నిండిన ఫోమ్ కణాలవుతాయి. మధ్య పొరలోని నునుపు కండర కణాల మార్పు నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. అవి సంకోచించే స్వభావాన్ని చాలావరకు వదులుకొని, విభజన చెందుతూ లోపలి పొరలోకి వలస వచ్చి, కొల్లాజెన్ తయారుచేసి కొవ్వు గుజ్జు మీద గట్టి కప్పు కడతాయి; వాటిలో కొన్ని తామే కొవ్వు నింపుకొని ఫోమ్ కణాల్లా తయారవుతాయి. ఆ కప్పు పలచబడి చిరిగితేనే చాలాసార్లు గడ్డ కడుతుంది. నమూనాలో మాత్రం మధ్య పొర నాలుగు దశల్లోనూ ఒకే మందం, ఒకే ఎరుపు.

“పైపులో పాచిని కడిగినట్టు కడిగేస్తే పోదా మేడమ్?” అని ఒక విద్యార్థిని అడిగింది. ఈ నమూనా చూసినవారికి ఆ సందేహం రావడం సహజమే.

దీనితో వచ్చిన కుందేలు బృహద్ధమని స్లైడ్ మాత్రం చాలా బాగుంది. 1913లో రష్యాలో అనిచ్కోవ్ అనే శాస్త్రవేత్త కొలెస్టరాల్ తినిపించి పరీక్షించినదీ కుందేళ్లనే. ఫోమ్ కణాల్లో తెల్లని చిన్న చిన్న ఖాళీలు కనిపిస్తాయి. స్లైడ్ తయారీలో వాడే ఆల్కహాల్, జైలీన్‌లలో కొవ్వు కరిగిపోగా మిగిలిన జాగాలవి.

రోగులకు పూడిక అంటే ఏమిటో చూపించడానికైతే ఈ నమూనా చాలు. కణాల గురించి బోధించేవారు స్లైడ్ లేకుండా కొనవద్దు. నేను రెండో దశ పసుపు ముద్ద మీద పలుచని పారదర్శక కాగితం అతికించి, దాన్నే ఎండోథీలియంగా చూపిస్తున్నాను.