ఇల్‌ఫోర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్ 4×5 షీట్ ఫిల్మ్: గండికోట రాళ్లు, ఇంటి డెవలపింగ్

కొన్నేళ్లుగా నా 4×5 అంగుళాల కెమెరాలో ఎక్కువగా వాడుతున్నది ఐఎస్ఓ (కాంతికి స్పందించే వేగం) 125 గల ఈ నలుపు తెలుపు షీట్ ఫిల్మే, అంటే ఒక్కో ఫొటోకు ఒక్కో విడి షీటుగా వచ్చే ఫిల్మ్. ఇంట్లో డెవలప్ చేసుకోదలచిన వారికి దీన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. అయితే మన ఎండల్లో ఫలితం ఫిల్మ్ మీద ఎంత ఆధారపడుతుందో, డెవలపర్ (ఫిల్మ్ మీద బొమ్మను తేల్చే రసాయనం) ఉష్ణోగ్రత మీదా అంతే ఆధారపడుతుంది.

దీని బలం గండికోట దగ్గర పెన్నా లోయలో బాగా తెలుస్తుంది. ఉదయం పై అంచున ఎర్రరాళ్లు ఎండలో మెరుస్తుంటే, అడుగున నీటి పక్క బండలు ఇంకా నీడలోనే ఉంటాయి. వివరం నిలవవలసిన నీడను స్పాట్ మీటరుతో (చిన్న చోటి కాంతిని మాత్రమే కొలిచే పరికరం) కొలిచి, ఆ కొలత కంటే రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు కాంతి సగమవుతుంది) తగ్గించి ఎక్స్‌పోజ్ చేసి, డెవలపింగ్ సమయాన్ని దాదాపు అయిదో వంతు తగ్గిస్తే, ఎండ పడ్డ రాళ్ల పగుళ్లు కూడా నెగటివ్‌లో నిలుస్తాయి. రోల్ ఫిల్మ్‌లో అన్ని ఫ్రేములకూ ఒకే డెవలపింగ్ తప్పదు; ఏ షీటుకు ఎంత సమయమో విడిగా నిర్ణయించుకోగలగడం వల్లనే ఇంత బరువు మోయడం నాకు సార్థకమనిపిస్తుంది. నారింజ ఫిల్టర్ పెడితే రాయి తెల్లబడి, నీలాకాశం చిక్కబడుతుంది. మసక వెలుతురులో మాత్రం ఎక్స్‌పోజర్ పొడవయ్యే కొద్దీ ఫిల్మ్ స్పందన తగ్గుతుంది కనుక, మీటరు 10 సెకన్లు చూపితే 18, 30 చూపితే 72 సెకన్ల వరకూ ఇవ్వాలి.

ఐడీ-11 డెవలపర్‌లో సమానంగా నీళ్లు కలిపితే, 20 డిగ్రీల వద్ద తయారీదారు చెప్పే సమయం 11 నిమిషాలు. వేసవిలో మన కుళాయి నీళ్లు 30 డిగ్రీలు దాటతాయి కనుక, డెవలపర్, స్టాప్ బాత్ (డెవలపింగ్‌ను ఆపేది), ఫిక్సర్ (బొమ్మను స్థిరపరిచేది) సీసాలతో పాటు కడిగే నీళ్లను కూడా ఐసు వేసిన తొట్టెలో ఉంచి చల్లబరుస్తాను. ఐసును నేరుగా డెవలపర్‌లో వేస్తే గాఢత మారిపోతుంది. ఎంత చేసినా 24 డిగ్రీల దగ్గరే ఆగితే, సమయాన్ని 8 నిమిషాలకు కాస్త లోపుకు తగ్గించుకోవచ్చు. అంతకంటే వేడిగా పని చేయడం నాకు సమ్మతం కాదు; సమయం 5 నిమిషాల లోపుకు వస్తే ఆకాశం వంటి విశాలమైన చోట డెవలపింగ్ సమంగా జరగదు. వేడి నీళ్లలో ఎమల్షన్ (ఫిల్మ్ మీది కాంతికి స్పందించే పూత) మెత్తబడి, గోరు తగిలినా గీత పడుతుంది.

షీట్లను హోల్డరులో పెట్టే లోడింగ్‌కు ఛేంజింగ్ బ్యాగ్ (చేతులు దూర్చి పని చేసే, వెలుతురు చొరబడని సంచి) కంటే రాత్రిపూట కిటికీలు లేని గది మేలు, ఎందుకంటే బ్యాగులో చేతులకు చెమట పట్టి షీటు మీద వేలిముద్రలు పడతాయి. గాలికి ఊగే చెట్లు, పైర్లే మీ ప్రధాన విషయమైతే మాత్రం ఈ ఫిల్మ్ వేగం చాలదు; ఐఎస్ఓ 400 గల హెచ్‌పీ5 ప్లస్ షీట్లు తీసుకోండి.