ఎవరిని చూసి వ్యాపారం నేర్చుకోవాలి: దూరపు దిగ్గజమా, జిల్లా పారిశ్రామికవేత్తా, పని నేర్పిన యజమానా?

తిరుపతిలో చిన్న పరిశ్రమల రుణాల కోసం ప్రాజెక్టు రిపోర్టులు తయారుచేసే పనిలో ఉన్నందువల్ల, మొదటిసారి వ్యాపారంలోకి దిగుతున్న యువతీయువకులు తరచుగా నన్ను కలుస్తుంటారు. మార్జిన్ మనీ (రుణంతో పాటు మనం సొంతంగా పెట్టవలసిన వాటా), సబ్సిడీ, జీఎస్టీ సంగతులు మాట్లాడుకోవడం అయిపోయాక వారిలో చాలామంది ఒకే ప్రశ్న అడుగుతారు: ఎవరిని ఆదర్శంగా పెట్టుకోమంటారు? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. ఎవరిని తలచుకొని అంగడి తెరుస్తామో, చేతిలో డబ్బు ఆడని నాడు వారిలాగే ఆలోచించాలని చూస్తాం. అందుకే ఈ ఎంపిక ఉత్సాహానికి మాత్రమే సంబంధించినది కాదు, రేపటి లెక్కలకూ సంబంధించినది.

ఎక్కువమంది చెప్పే పేర్లు దూరపు దిగ్గజాలవే. రిలయన్స్ స్థాపకుడు ధీరూభాయ్ అంబానీ యెమెన్‌లోని ఏడెన్‌లో ఉద్యోగం చేసి, 1958లో బొంబాయికి తిరిగి వచ్చి చిన్న గదిలో వర్తకం మొదలుపెట్టి, 1966లో గుజరాత్‌లోని నరోడాలో బట్టల మిల్లు పెట్టి, 1977లో రిలయన్స్ షేర్లను సామాన్య మదుపరుల ముందుకు తెచ్చారు. స్టీవ్ జాబ్స్ తాను స్థాపించిన ఆపిల్ నుంచి 1985లో బయటికి వెళ్లి, 1997లో మళ్లీ అదే సంస్థకు వచ్చి దాన్ని నిలబెట్టారు. ఇటువంటి జీవితాలు చదివినప్పుడు, మన ఊహకు మనమే గీసుకున్న గిరి చెరిగిపోతుంది. రేణిగుంట దాటి సరుకు పంపాలన్న ఆలోచన కూడా రాని కుర్రవాడికి దేశమంతా అమ్మవచ్చునన్న ధైర్యం కలుగుతుంది. ఆ మేలును నేను తక్కువ చేయను.

అయితే ఈ కథలన్నీ ముగింపు తెలిసిన తరువాతే మన దగ్గరికి వస్తాయి. ధీరూభాయ్ తీసుకున్నటువంటి సాహసమే చేసి మునిగిపోయినవారి చరిత్రలు ఎవరూ రాయరు గనుక, ఆ సాహసంలో తెలివి ఎంత, కాలం కలిసిరావడం ఎంత అన్నది చదివేవారికి తేలదు. పైగా ఆయన ఎదిగింది పరిశ్రమ పెట్టాలన్నా పెంచాలన్నా ప్రభుత్వ అనుమతి కావలసిన లైసెన్సుల కాలంలో. ఆనాటి అడ్డంకులూ అవకాశాలూ తిరుపతి దగ్గరి గాజులమండ్యం పారిశ్రామికవాడలో ఈరోజు షెడ్డు అద్దెకు తీసుకునేవారికి లేవు. జాబ్స్ మొండితనాన్ని మెచ్చుకొని, తామూ పనివాళ్ల మాట వినడం మానేసినవారిని చూశాను. వారికి ఆ మొండితనం అబ్బింది గాని, దాని వెనుక ఉన్న నైపుణ్యం అబ్బలేదు.

నా దృష్టిలో ఈ ఎంపికను తేల్చే అంశం ఒక్కటే. ఫలితం ఏమవుతుందో తెలియక ముందు ఆ మనిషి నిర్ణయం తీసుకుంటుండగా మనం చూడగలమా, లేదా? వ్యాపారమంటే రోజూ అరకొర సమాచారంతో నిర్ణయాలు తీసుకోవడమే. సరుకు ఎంత దించాలి, ఎవరికి అరువు ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు, బాకీ రాకపోతే ఎన్నాళ్లు ఆగాలి అన్నవి ఎంత గొప్ప జీవితచరిత్ర చదివినా అలవడవు.

ఈ కొలతతో చూస్తే జిల్లా పారిశ్రామికవేత్తలు మధ్యస్థంగా నిలుస్తారు. చిత్తూరు జిల్లా పేటమిట్టలో పుట్టిన గల్లా రామచంద్ర నాయుడు అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి తిరిగి వచ్చి, 1985లో తిరుపతి పక్కనే ఉన్న కరకంబాడి కేంద్రంగా అమర రాజా సంస్థను స్థాపించారు. 1997లో అమెరికా సంస్థ జాన్సన్ కంట్రోల్స్ భాగస్వామిగా చేరింది, 2000లో అమరాన్ బ్యాటరీ పేరు మార్కెట్లోకి వచ్చింది. సంస్థ మొదలైన నాటికీ, బండ్లలో వాడే బ్యాటరీ ఆ పేరుతో మార్కెట్లోకి వచ్చిన నాటికీ మధ్య పదిహేనేళ్లు గడిచాయన్న సంగతిని మా దగ్గరికి వచ్చే పిల్లలకు ప్రత్యేకంగా చెబుతుంటాను. నగరం కాని చోట, రైతుబిడ్డలనే పనివాళ్లుగా తీసుకొని ఫ్యాక్టరీ నడపడం సాధ్యమేనని ఈ ఉదాహరణ నిరూపిస్తుంది. ‘మన ఊళ్లో ఏం జరుగుతుందిలే’ అనే నిరాశకు ఇంతకు మించిన సమాధానం లేదు. కరకంబాడి రోడ్డులో షిఫ్టు బస్సులు వెళ్లడం చూసినవారికి దీన్ని ఎవరూ వేరే వివరించనక్కరలేదు. కానీ ఆ ఫ్యాక్టరీ గేటు లోపల 1985లో ఏ సందేహాలతో ఏ నిర్ణయం జరిగిందో మనం చూడలేదు. ఇక్కడ కూడా మనకు అందేది ఫలితమే. ఊరు మనదే కావడం వల్ల ఆ ఫలితం మరింత నమ్మకం కలిగిస్తుంది, అంతే.

ఇక మూడోది, నేను మొగ్గు చూపేది, పని నేర్పిన యజమాని. గాజులమండ్యంలో విస్తరాకుల యూనిట్ నడుపుతున్న ఒక యువకుడు అంతకుముందు తిరుపతిలో ఒక పాత్రల దుకాణంలో పనిచేశాడు. 2020 మార్చి 20న తిరుమలలో భక్తులకు దర్శనాలు ఆగిపోయాయి. ఆ తరువాత లాక్‌డౌన్ వచ్చింది. జూన్‌లో దర్శనాలు మళ్లీ మొదలైనా యాత్రికుల మీద బతికే అంగళ్లకు బేరాలు లేవు. ఆ వారాల్లో తన యజమాని ఏం చేశాడో ఆ యువకుడు నాకు వివరంగా చెప్పాడు. ఆవర్జా (ఖాతాల పుస్తకం) తెరిచి ఒక కాగితం మీద మూడు వరసలు రాయించాడట: మనకు రావలసింది, మనం ఇవ్వవలసింది, జీతాలు. బాకీ అడుగుతూ సరఫరాదారులు ఫోన్ చేయక ముందే తానే వారికి ఫోన్ చేసి, విప్పని మూటలు వెనక్కి తీసుకోమని కోరాడు. పనివాళ్లను కూర్చోబెట్టి, బస్సులు మామూలుగా తిరిగేదాకా సగం జీతమే ఇవ్వగలనని, మిగతా సగం మాట ఇప్పుడే ఇవ్వలేనని చెప్పాడు. “అన్నా, ఇదంతా వాళ్లకు చెబితే భయపడి వెళ్లిపోరా?” అని ఇతను అడిగితే, “చెప్పకపోతే రేపు నన్ను నమ్మరు. నమ్మకం పోయినాక అంగడి తెరిచినా ఒకటే, మూసినా ఒకటే” అన్నాడట.

ఆ రోజు ఆ యజమానికి దుకాణం నిలుస్తుందో లేదో తెలియదు. అక్కడే అసలు పాఠం ఉంది. ఆ యువకుడు ఇప్పుడు తన యూనిట్లో సరఫరాదారుకు డబ్బు ఆలస్యమయ్యేలా ఉంటే గడువుకు ముందే ఫోన్ చేస్తాడు. అతనికి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు, చూసి నేర్చుకున్నాడు.

పెద్దవారి జీవితాల్లోనూ ఇదే కనిపిస్తుంది. ప్రభుత్వ స్కాలర్‌షిప్ షరతు ప్రకారం 1949లో గుజరాత్‌లోని ఆనంద్‌లో ఉన్న క్రీమరీకి (పాల పదార్థాల కర్మాగారానికి) వచ్చిన, తరువాత పాల విప్లవానికి పేరు తెచ్చుకున్న వర్ఘీస్ కురియన్‌కు అక్కడ ఉండాలన్న కోరిక లేదు. 1946లో మొదలైన కైరా పాల సహకార సంఘాన్ని నడుపుతున్న త్రిభువన్‌దాస్ పటేల్‌ను దగ్గరగా చూడటం, ఆయన ఉండిపొమ్మని కోరడం వల్ల ఆగిపోయారు. పాడి మీద ఆధారపడిన మన చిత్తూరు పల్లెల్లో కురియన్ పేరును ఆదర్శంగా చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఆ కురియన్‌కు ఆదర్శం దూరపు ప్రసిద్ధుడెవరో కాదని, పక్కనే ఉండి రైతులతో పనిచేసిన మనిషి అని కూడా వారు గుర్తుంచుకోవాలి.

యజమానిని ఆదర్శంగా తీసుకోవడంలో నష్టం లేదని అనను. ఆయన నేర్పే మెలకువలతో పాటు ఆయన భయాలు కూడా మనకు అంటుతాయి. తెలిసినవారికే అమ్మడం, బ్యాంకును దూరంగా పెట్టడం, బిల్లు లేకుండా సరుకు తిప్పడం వంటి అలవాట్లు పదేళ్లు పనిచేసినవారిలో గట్టిగా పాతుకుపోతాయి. పనివాళ్లను మోసగించే యజమాని దగ్గర మోసమే నేర్చుకునే ప్రమాదం కూడా ఉంది. కనుక ఆయన ఒక్కడే చాలడు. ఎంత ఎదగాలన్నది దూరపువారిని చూసి, ఇక్కడే ఎదగవచ్చునన్నది కరకంబాడిని చూసి, ఈ నెల ఏం చేయాలన్నది యజమానిని చూసి నేర్చుకోవడం మంచిది. ఒక్కరినే ఎంచుకోమంటే మాత్రం యజమానినే ఎంచుకోమంటాను.

హోటల్ హాళ్లలో జరిగే ప్రేరణ ఉపన్యాసాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. రుసుము తక్కువైతే వెళ్లండి, అప్పు చేసి వెళ్లకండి. తల్లిదండ్రుల ప్రభావం ఎటూ మనతోనే ఉంటుంది, దాన్ని ఎంచుకునే పని లేదు.

ఇప్పటిదాకా ఎవరి దగ్గరా పనిచేయనివారు రుణ దరఖాస్తుకు ముందు ఒక్క సీజన్ అయినా ఆ వ్యాపారంలోనే జీతానికి చేరాలని నా సలహా. మామిడి గుజ్జు పరిశ్రమ పెట్టాలనుకునేవారు వేసవిలో చిత్తూరు వైపు ఒక మండీలో గాని, ఫ్యాక్టరీలో గాని పనిచేయాలి. 2025లో గుజ్జుకు వాడే తోతాపురి మామిడి ధర పడిపోయి, కిలోకు పరిశ్రమలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించవలసి వచ్చింది. గేటు ముందు కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నప్పుడు, నిరుటి గుజ్జు ఇంకా గోదాములోనే ఉన్నప్పుడు, ఎంత కాయ దించుకోవాలో యజమాని ఎలా తేల్చుకుంటాడో అక్కడ నిలబడి చూడాలి. ఇప్పటికే సొంతంగా మొదలుపెట్టినవారైతే, మొదటి ఏడాది లెక్కలు పాత యజమాని ముందు పెట్టి, ఏ అరువు ఆయన ఇచ్చి ఉండేవాడు కాదో అడిగి తెలుసుకోవచ్చు.