తేనె, నాలుగాకులు, పన్నెండేళ్లు: ‘హనీ అండ్ క్లోవర్’ మూడోసారి చదివాక

మొదటిసారి ఈ మాంగా పూర్తిచేసిన రాత్రి లాప్‌టాప్ మూత ఠపీమని వేశాను. అప్పుడు విజయవాడలో ఆర్కిటెక్చర్ మూడో ఏడు. పక్క మంచం మీది అమ్మాయి ఉలిక్కిపడి లేచి “ఏమైందే?” అంది. “ఆ పిల్ల చివరికి మాస్టారితో వెళ్లిపోయిందే!” అన్నాను. మా బ్యాచ్‌లో ఎవరో లేచిపోయారనుకుని అది నిద్ర వదిలించుకుని పూర్తిగా కూర్చుంది. జపాన్ బొమ్మల కథ అని తెలిశాక నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

అది 2013. తర్వాత 2018లో ఒకసారి, మొన్న వేసవిలో ఇంకోసారి, పది వాల్యూములూ మొదటి పేజీ నుంచి చదివాను. కాబట్టి ఇది వేడివేడిగా రాస్తున్న సమీక్ష కాదు, చాలాకాలం వాడిన వస్తువు గురించి చెప్పే మాట. ముగింపు మొత్తం చెప్పేస్తాను. చదవాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోండి, తర్వాత నన్ననకండి.

చికా ఉమినో దీన్ని 2000లో మొదలుపెట్టి 2006లో ముగించింది. ఆ ఆరేళ్లలో ఇది మూడు పత్రికల్లో వచ్చింది. మొదటిది ‘క్యూటీ కామిక్’ మూతపడింది, రెండోది ‘యంగ్ యూ’ కూడా మూతపడింది, చివరికి ‘కోరస్’లో ముగిసింది. మధ్యలో 2003లో షోజో (అమ్మాయిల కోసం రాసే కథలు) విభాగంలో కొదాన్షా మాంగా అవార్డు వచ్చింది. కాళ్ల కింద నేల రెండుసార్లు జారినా కథ దారి తప్పలేదు. అసలు ఈ పేరెలా వచ్చిందో తెలుసా? స్పిట్జ్ అనే బ్యాండు ఆల్బమ్ పేరు ‘హచిమిత్సు’, అంటే తేనె. సుగా షికావో అనే గాయకుడి ఆల్బమ్ పేరు ‘క్లోవర్’, అంటే మూడాకుల గడ్డిమొక్క, నాలుగాకులది దొరికితే అదృష్టమంటారు. తనకు నచ్చిన ఆ రెండు పేర్లూ కలిపి పెట్టేసుకుంది, అంతే. అప్పటికి కథలో తేనే లేదు, క్లోవరూ లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

కథ టోక్యోలో ఒక ఆర్ట్ కాలేజీ చుట్టూ తిరుగుతుంది. తకెమోతో ఆర్కిటెక్చర్ విద్యార్థి. కథ మొదలవడమే అతని గది లెక్కలతో మొదలవుతుంది: ఆరు తతామీల గది (తతామీ అంటే నేల మీద పరిచే చాప, గది సైజు దాంతోనే కొలుస్తారు), రెండు తతామీల వంటిల్లు, స్నానాల గది లేదు, కాలేజీకి పది నిమిషాల నడక, పాతికేళ్ల పాత భవనం, అద్దె 38,000 యెన్లు. నేనూ ఆర్కిటెక్చర్ దాన్నే కాబట్టి వెంటనే లెక్కేశాను, గది సుమారు వంద చదరపు అడుగులు. ముగ్గురం పడుకునే మా హాస్టల్ గదిలో మనిషికి అంత కూడా రాలేదు. ఆ పేజీతోనే పుస్తకం నన్ను పట్టేసింది. ప్రేమకథను అద్దెతో మొదలుపెట్టే మనిషి అబద్ధం చెప్పదనిపించింది.

ఆ కాలేజీకి హగుమి వస్తుంది. పద్దెనిమిదేళ్ల పిల్ల, చూడటానికి ఎనిమిదేళ్లదానిలా గీస్తారు (దీని మీద నాకు పాత పేచీ ఉంది, తర్వాత చెప్తాను). బొమ్మ గీయడం మొదలుపెడితే మాత్రం పక్కన మనుషులున్నారన్న సంగతే మరిచిపోతుంది. తకెమోతో ఆమెను చూసీ చూడగానే పడిపోతాడు. అతని సీనియరు, తిక్క మేధావి మోరితా కూడా పడిపోతాడు, కాకపోతే ఒప్పుకోడు. ఇంకోవైపు మయామా తనకంటే పెద్దదైన, భర్త పోయిన రికాను ప్రేమిస్తుంటాడు. ఆ మయామాను కుండలు చేసే యమదా ప్రేమిస్తుంటుంది. ఎవరి చూపు వాళ్లకు ఎదురుగా ఉన్నవాళ్ల మీద, ఆ ఎదురున్నవాళ్ల చూపు ఇంకెక్కడో. పది వాల్యూములు గడిచినా ఈ వరస పెద్దగా మారదు.

నేను ఎక్కువసార్లు తిరగేసిన పేజీలు యమదావి. తాగి నడవలేని ఆమెను మయామా వీపు మీద మోసుకుంటూ రాత్రిపూట వీధిలో నడుస్తుంటాడు. ఆమె అతని మెడ చుట్టూ చేతులు వేసి, నువ్వంటే ఇష్టం అంటుంది. అతను జవాబుగా ఒకే ఒక్క అక్షరం అంటాడు. మళ్లీ అంటుంది, మళ్లీ అదే అక్షరం. జపనీస్‌లో అది ‘ఉన్’. నేను చదివిన ఇంగ్లీషులో దాన్ని ఏదో ‘అవును’గా మార్చారు, రుచి పోయింది. మనకైతే అచ్చంగా మాట ఉంది: ఊఁ. కథ చెబుతుంటే పిల్లలు కొట్టే ఊఁ. విన్నానని చెప్పడమే తప్ప ఒప్పుకున్నానని కాదు, కాదనీ కాదు. ఇష్టంలేని మనిషిని మోసుకెళ్తూ అంతకంటే మర్యాదగా, అంతకంటే క్రూరంగా ఇంకేమనగలడు? ఇరవై ఏళ్లప్పుడు మయామాను తిట్టుకున్నాను. ఇప్పుడు అతని నడుం నొప్పి గురించి కూడా ఆలోచిస్తున్నాను.

ఇక ముగింపు.

ఒక ప్రమాదంలో గాజు పడి హగుమి కుడి చేతి నరాలు తెగుతాయి. కుంచె పట్టే చెయ్యి. మళ్లీ గీయగలదో లేదో తెలీదు. మోరితా ఆమెను ఆసుపత్రి నుంచి తీసుకెళ్లిపోయి, గీయకపోయినా ఫర్వాలేదు, ఊరికే బతికి ఉండు, నా దగ్గర ఉండు అని బతిమాలతాడు. ప్రేమకథల్లో ఇంతకంటే పెద్ద మాట ఉండదు. హగుమికి మాత్రం ఆ మాట దగ్గరే అర్థమవుతుంది, తనకు కావలసింది అది కాదని. వెనక్కొచ్చి, చిన్నప్పటినుంచీ తన బాగోగులు చూసిన హనమోతో షూజీని, కాలేజీలో పాఠాలు చెప్పే మాస్టారిని, మీ జీవితం నాకిచ్చేయండి అని అడుగుతుంది. ఆయన ఇస్తాడు.

నేను లాప్‌టాప్ మూసింది ఇక్కడే.

అప్పట్లో నా బాధ సగం వరస గురించి. షూజీ ఆమెకు తల్లిదండ్రుల్లో ఒకరికి కజిన్. ఇంగ్లీషులో కజిన్ అనేసి చేతులు దులుపుకోవచ్చు. జపనీస్ ‘ఇతోకో’ కూడా అన్నివైపుల వాళ్లకూ సరిపోతుంది. తెలుగులో అలా కుదరదు కదా. తండ్రివైపా, తల్లివైపా? బాబాయా, మామయ్యా? బాబాయైతే రామ రామ, మామయ్యైతే... పోనీలే, మా ఊళ్లో మామయ్యను చేసుకున్నవాళ్లు అరడజను మంది ఉన్నారు. పేజీలు వెనక్కి తిప్పి వంశవృక్షం గీసుకున్నాను కూడా. ఉమినోకు ఆ ప్రశ్న తట్టనే లేదు, ఎందుకంటే ఆ సమాజంలో అది ప్రశ్న కాదు. పైగా వాళ్లిద్దరిదీ పెళ్లవుతుందా, తోడవుతుందా, కాపలా అవుతుందా అన్నది ఆమె తేల్చదు. షూజీ మనసులో ఉన్నది ప్రేమేనని మాత్రం మనకు తెలియనిస్తుంది.

రెండోసారి చదివినప్పుడు నేనొక ఆఫీసులో డ్రాయింగులు గీస్తున్నాను. రోజుకు పన్నెండు గంటలు, కుడి మణికట్టుకు బ్యాండేజీ. ఫిజియోథెరపీ అమ్మాయి “కొన్నాళ్లు మౌస్ పట్టుకోకండి మేడమ్” అంటే నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. ఇంట్లో అమ్మ “పోనీ మానెయ్యవే, ఇంట్లో ఉండు, మేం లేమా?” అంది. ప్రేమగానే అంది. ఆ ప్రేమకు నాకు ఊపిరాడలేదు. ఆ వారమే తొమ్మిదో వాల్యూమ్ మళ్లీ తెరిచాను. మోరితా మాట ఎంత తియ్యనిదో, ఎందుకు పనికిరానిదో అప్పుడు తెలిసింది. హగుమి అబ్బాయిల మధ్య ఎంచుకోలేదు. మళ్లీ గీయడానికి చెయ్యి బాగుపడే దాకా పక్కన ఎవరు ఓపిగ్గా కూర్చుంటారు, ఆ ఒక్క లెక్కే వేసింది. పచ్చి స్వార్థం. నాకు ఆ స్వార్థం నచ్చింది.

అయినా నా ఫిర్యాదు పూర్తిగా పోలేదు. మూడోసారి చదివినా ఆ నిర్ణయం హఠాత్తుగానే అనిపించింది. కారణం ఉమినో కథ చెప్పిన తీరు. తొమ్మిది వాల్యూములు హగుమిని మనం మగపిల్లల కళ్లతోనే చూస్తాం. చిన్నది, ముద్దొచ్చేది, గాలికి ఎగిరిపోయేది. ఉమినో ఆమె బొమ్మ కూడా అలాగే గీస్తుంది, బొమ్మరిల్లు పిల్లలాగా. నాగానోలో ముసలామె దగ్గర (నాయనమ్మో అమ్మమ్మో, మళ్లీ అదే తంటా) ఒంటరిగా, ఒకే తోటను పదేపదే గీస్తూ పెరిగిందని ముందే చెబుతుంది. ఆ గదిలోంచి ఆమెను బయటికి తెచ్చింది షూజీయేనని కూడా చెబుతుంది. గింజలన్నీ వేసే ఉన్నాయి. కానీ అంత పసిపిల్లలా గీసిన మనిషిని చివర్లో హఠాత్తుగా పెద్దమనిషిని చేసి, ఆమెను పెంచినంత పని చేసిన ఆయన పక్కన నిలబెడితే కడుపులో ఏదో తిప్పుతుంది. నచ్చనివాళ్లను నేను తప్పుపట్టను.

ఇంకో గొడవ, చివరి భాగంలో మోరితా అన్నదమ్ముల పగ. తండ్రి కంపెనీ, మోసం, ప్రతీకారం. వేరే పుస్తకంలోంచి కొన్ని పేజీలు ఎగిరొచ్చి ఇందులో పడినట్టుంటుంది. మూడోసారి చదివినప్పుడు నిర్మొహమాటంగా దాటేశాను.

తకెమోతో సంగతికొద్దాం. అతనికి ప్రతిభ మరీ ఎక్కువేం లేదు. ఉద్యోగాలు వెతికి వెతికి కడుపులో పుండు తెచ్చుకుంటాడు, డిగ్రీకి ఇంకో ఏడాది పడుతుంది. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా సైకిలెక్కి ఉత్తరానికి తొక్కుతూ పోతాడు. వెయ్యి కిలోమీటర్లకు పైనే, హొక్కైదో చివరన సోయా అంతరీపం దాకా. దారిలో పాత గుడులు మరమ్మతు చేసే పనివాళ్లు తగులుతారు, తిరిగొచ్చి చదువయ్యాక వాళ్లలోనే చేరతాడు. హగుమికి ఇష్టమని చెప్పేస్తాడు కూడా, జవాబు కోసం కాదు, చెప్పకుండా మిగలకూడదని. ఇక ఊరొదిలి వెళ్లే రోజు, రైలు కదిలే ముందు హగుమి పరుగెత్తుకొచ్చి ఒక పొట్లం ఇస్తుంది. విప్పితే బ్రెడ్డు ముక్కలు. కొరికి చూస్తే మధ్యలో తేనె, ఆ తేనెలో నాలుగాకుల క్లోవర్లు. ఒకటి కాదు, ప్రతి ముక్కలోనూ.

మొదట్లో వీళ్లందరూ ఒకసారి షూజీ మంగోలియా వెళ్తుంటే నాలుగాకుల క్లోవర్ కోసం గడ్డిలో మోకాళ్ల మీద వెతుకుతారు. అంత వెతికినా ఒక్కటి దొరకడమే గగనమని మనకు తెలుసు. ఇప్పుడు ఈ పిల్ల, సరిగ్గా వంగని వేళ్లతో, అన్ని ఆకులు ఎప్పుడు ఏరింది? ఎన్ని రోజులు? ఉమినో అది చూపించదు. ఫలించని ప్రేమకు అర్థం ఉందా అని తకెమోతో ఎప్పటినుంచో తనను తాను అడుగుతూ వచ్చిన ప్రశ్నకు అక్కడ, ఏడుస్తూ, నోట్లో బ్రెడ్డు పెట్టుకుని, జవాబు చెప్పుకుంటాడు. పాటల ఆల్బమ్‌లు రెండింటి నుంచి అరువు తెచ్చుకున్న పేరును ఆరేళ్ల తర్వాత నిజంగానే రొట్టె మధ్యలో పెట్టి చేతికిచ్చేసింది ఆవిడ! మూడుసార్లూ అక్కడ ఏడ్చాను. మూడోసారి వస్తుందని తెలిసీ ఏడ్చాను.

ఒక మాట. ఆ సాయంత్రం మేడ మీద కుండీలో పులిచింతాకు మొలిచి ఉంటే నాలుగాకులది దొరుకుతుందేమోనని వెతికాను. అది క్లోవర్ జాతే కాదని తర్వాత తెలిసింది. మూడాకులే దొరికాయి, నోట్లో వేసుకుంటే పుల్లగా ఉంది.

కొనాలనుకునేవాళ్లకు కాస్త కాగితం సంగతి. ఉమినో ప్యానెళ్ల (బొమ్మల గళ్ల) మూలల్లో చేత్తో సన్నగా గొణుగుడు మాటలు రాస్తూ ఉంటుంది, సగం నవ్వు అక్కడే ఉంది. ఫోన్లో అవి చీమల బారులా కనిపిస్తాయి. పుస్తకంలో చదవండి, లేదంటే కనీసం పెద్ద తెర మీద. నాకు విజ్ అనే సంస్థ వేసిన ఇంగ్లీషు ప్రతులు పాతవి ఒక్కొక్కటిగా కొనడానికి రెండేళ్లు పట్టింది. ఒక అమ్మకందారు తొమ్మిదో వాల్యూమ్ అని ఆరోది పంపాడు, వెనక్కి పంపితే మళ్లీ ఆరోదే వచ్చింది. ఇప్పుడు నా దగ్గర ఆరోవి రెండున్నాయి. కుడి నుంచి ఎడమకు చదవాలి కాబట్టి మా అమ్మ పదో వాల్యూమ్‌ను మన పద్ధతిలో వెనకనుంచి తిరగేసి, “ఎవరే ఈ అబ్బాయి, బ్రెడ్డు తింటూ ఏడుస్తున్నాడు? ఉప్పెక్కువైందా?” అంది.

అనిమే (కదిలే బొమ్మల సిరీస్) కూడా ఉంది, 2005లో వచ్చింది, ఫుజీ టీవీలో నోయితామినా అనే అనిమే కార్యక్రమాల వరుసలో మొట్టమొదటి సిరీస్ ఇదే. ముగింపు రెండో సీజన్‌లో, 2006లో. బాగుంటుంది. కానీ ఆ రైలు పేజీలు మన వేగంతో మనం తిప్పుకోవాలి.

మొన్న నెలలో మా పిన్ని కూతురు కాకినాడ నుంచి వచ్చి, అల్మారాలో చూసి, పదీ పట్టుకుపోయింది. పోయిన శనివారం రాత్రి ఒంటిగంటన్నరకు ఫోన్.

“అక్కా, నిద్రపోయావా? ఏంటక్కా ఇది? ఆ తకెమోతో ఏం పాపం చేశాడు? పోనీ మోరితా అయినా సరే అనుకుంటే... ఆయనేంటి మధ్యలో? ఆయన దీనికి అసలు ఏమవుతాడు, బాబాయేనా?”

దుప్పటి మొహం మీదకి లాక్కుని, ఫోను చెవి దగ్గర పెట్టుకుని, “ఊఁ” అన్నాను.